రెండు లక్షల ఫైళ్లలో డూప్లికేట్లు పట్టుకోవాలంటే

ముందుగా మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు చెబుతాను. భీమవరం దగ్గర మీ ఆక్వా ల్యాబ్. రెండు కంప్యూటర్లు, ఒక టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్. నీటి టెస్టు రిపోర్టులు పీడీఎఫ్‌లో, పాత రిజిస్టర్లు ఎక్సెల్‌లో, రైతులు వాట్సాప్‌లో పంపిన రొయ్యల ఫొటోలు, పీసీఆర్ (రోగకారక క్రిమి ఉందో లేదో చూసే టెస్టు) జెల్ ఫొటోలు, సీసీ కెమెరా క్లిప్పులు, అన్నీ కలిపి రెండు లక్షల ఫైళ్ల దాకా ఉన్నాయి. పనిలో చేరిన ప్రతి కుర్రాడూ మానేసేముందు "బ్యాకప్ తీశాను సార్" అంటూ ఇంకో ఫోల్డర్ చేసి వెళ్లాడు. ఇప్పుడు డిస్క్ నిండిపోయింది. డిగ్రీలో నేర్చుకున్న పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో మీరు ఒక చిన్న ప్రోగ్రామ్ రాశారు. అది ప్రతి ఫైలునూ మిగతా అన్నిటితో పేరు, సైజు చూసి పోలుస్తుంది. రాత్రంతా నడిచినా అవ్వలేదు. అవ్వకముందే చూపించిన జతల్లో కొన్ని తెరిచి చూస్తే అసలు ఒకటే కావు. దీన్ని సరిచేసి, డూప్లికేట్లను డిలీట్ చేసే లైను కూడా కలపడం ఎలా అని అడిగారు.

సరిచేద్దాం. డిలీట్ లైను మాత్రం వద్దండి. ఎందుకు వద్దంటున్నానో ఆ సంగతి వచ్చినప్పుడు చెబుతాను.

రాత్రంతా ఎందుకు నడిచిందో చూడండి. రెండు లక్షల ఫైళ్లలో ప్రతి జతనూ ఒక్కసారి పోల్చాలన్నా సుమారు 2000 కోట్ల పోలికలు. సెకనుకు పది లక్షల చొప్పున లాగించినా ఐదున్నర గంటలు. మీరు లోపలి లూపులో (తిరిగి తిరిగి నడిచే భాగంలో) ప్రతిసారీ సైజు కోసం డిస్క్‌ను అడుగుతున్నారు కాబట్టి ఆ వేగం కూడా రాదు. ఫైళ్లు రెట్టింపైతే పని నాలుగింతలవుతుంది. కంప్యూటర్ మార్చినా, ర్యామ్ పెంచినా ఈ లెక్క మారదు.

అసలు జతలు కట్టాల్సిన పనే లేదు. పట్టుబడి రోజు ప్రతి రొయ్యనూ ఇంకో రొయ్య పక్కన పెట్టి చూడం కదా, కౌంటు (కిలోకు ఎన్ని) వారీగా ట్రేల్లో వేసుకుంటూ పోతాం. ఇక్కడా అంతే. పైథాన్‌లో ఒక డిక్షనరీ తీసుకోండి, అంటే ఒక్కో కీకి ఎదురుగా ఒక విలువ దాచుకునే పట్టిక. కీ దగ్గర ఫైలు సైజు, దాని ఎదురుగా ఆ సైజున్న ఫైళ్ల దారుల (ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పే చిరునామాల) లిస్టు. కలెక్షన్స్ అనే మాడ్యూల్‌లో (పైథాన్‌తోనే వచ్చే రెడీమేడ్ కోడ్ కట్టలో) డిఫాల్ట్‌డిక్ట్ ఉంది, అది వాడితే కొత్త సైజు వచ్చినప్పుడు ఖాళీ లిస్టు దానంతట అదే తయారవుతుంది. ఓఎస్ మాడ్యూల్‌లోని వాక్ ఫంక్షన్‌తో ఫోల్డర్లన్నీ ఒక్కసారి తిరిగి, ఒక్కో ఫైలు సైజు ఒక్కసారే అడిగి, ఆ లిస్టులో వేసేయండి. తిరగడం అయ్యాక ఒకే ఒక్క ఫైలున్న లిస్టులన్నీ పారేయండి. ఆ సైజు ఇంకెవరికీ లేదంటే దానికి డూప్లికేట్ ఉండే అవకాశమే లేదు. ఫొటోలు, వీడియోల్లో చాలా భాగం ఇక్కడే, ఒక్క ఫైలు కూడా తెరవకుండానే పక్కకు పోతాయి. మీ రెండు లూపులూ ఎగిరిపోయి ఏడెనిమిది లైన్లు మిగులుతాయి.

ఇప్పుడు తప్పు జతల సంగతి. పేరును నమ్మడం వల్ల వచ్చిన తిప్పలివి. వాట్సాప్ ఫొటో పేరులో తేదీ, ఆ తర్వాత డబ్ల్యూఏ0003 లాంటి నంబరు ఉంటుంది. ఆ నంబరును ఏ ఫోన్ లెక్క ఆ ఫోన్ వేసుకుంటుంది, రోజు మారగానే మళ్లీ మొదలవుతుంది. జులై 12న మీ ఫోన్‌కు ఆకివీడు రైతు పంపిన ఫొటో, అదే రోజు మీ అసిస్టెంట్ ఫోన్‌కు మొగల్తూరు నుంచి వచ్చిన ఫొటో, రెండూ ఒకే పేరుతో దిగొచ్చు. ఇలాంటివి మీ ల్యాబ్‌లో వందల్లో ఉంటాయి. దీనికి ఎదురుది కూడా ఉంది: ఒకే రిపోర్టును బ్రౌజర్‌లో మూడుసార్లు డౌన్‌లోడ్ చేస్తే పేరు చివర బ్రాకెట్లో 1, 2 అని చేరి మూడు వేర్వేరు పేర్లు అవుతాయి. పేరు ఒకటైతే ఫైలు ఒకటి కానక్కర్లేదు, ఫైలు ఒకటైనా పేరు ఒకటి ఉండకపోవచ్చు. కాబట్టి పోలికలోంచి పేరును పూర్తిగా తీసేయండి.

తెలుగులో పేర్లు పెట్టేవాళ్లకు ఇంకో చిక్కుంది. మీ స్క్రీన్‌షాట్‌లో "కైకలూరు" ఫోల్డర్ రెండుసార్లు కనబడింది, అక్షరం తేడా లేదు, విండోస్ రెండింటినీ పక్కపక్కనే ఎలా ఉండనిచ్చింది అని ఆశ్చర్యపోయారు. అక్షరాలకు కంప్యూటర్ వాడే అంకెల పద్ధతి అయిన యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ రాయొచ్చు, ఎత్వం, దాని కింద వేరే గుర్తు కలిపి రెండుగానూ రాయొచ్చు. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి, కంప్యూటర్‌కు మాత్రం వేర్వేరు పేర్లు. కీబోర్డును బట్టి, ఫైలు మ్యాక్ నుంచి వచ్చిందా విండోస్ నుంచి వచ్చిందా అన్నదాన్ని బట్టి ఇది మారుతుంది. అక్షరాలు కలిసిపోకుండా ఆపే, కంటికి కనబడని నాన్‌జాయినర్ గుర్తు పేరులో దూరినా ఇదే తంతు. రిపోర్టులో ఒకే పేరున్న రెండు ఫోల్డర్లు కనబడితే ప్రోగ్రామ్ తప్పనుకుని కంగారు పడకండి. పేర్లను పోల్చాల్సి వస్తే యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోని నార్మలైజ్ ఫంక్షన్‌కు ఎన్ఎఫ్‌సీ (విడి గుర్తుల్ని కలిపి రాసే రూపం) అని చెప్పి రెండింటినీ ఒక రూపంలోకి తెచ్చి పోల్చండి. నాన్‌జాయినర్‌ను అది తీయదు, దాన్ని మీరే తొలగించాలి.

పేరు పోయింది, సైజు ఒక్కటీ చాలదా? చాలదు. మీ పాత రిజిస్టర్లు ఎక్సెల్ 2003 కాలపు ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైళ్లు అన్నారు. ఆ ఫార్మాట్ లోపల సరుకును 512 బైట్ల గదులుగా పేర్చుతుంది, అందుకే వాటి సైజు మామూలుగా 512 గుణిజమే. మార్చి నెల రిజిస్టరు, ఏప్రిల్ నెల రిజిస్టరు ఒకే టెంప్లేట్ నుంచి పుట్టినవైతే, లోపలి అంకెలు పూర్తిగా వేరైనా సైజు బైటుతో సహా ఒకటే కావడం మామూలే. మీకు వచ్చిన తప్పు జతల్లో ఎక్సెల్‌వే ఎక్కువ ఎందుకున్నాయో ఇప్పుడు తెలిసింది కదా. సీసీ కెమెరా డీవీఆర్‌లు (రికార్డు చేసే పెట్టెలు) కొన్ని ఫుటేజీని ఒకే సైజు ముక్కలుగా కోస్తాయి, అక్కడా ఇదే కథ.

కాబట్టి సైజు కలిసిన ఫైళ్లను తెరిచి లోపల చదవాలి. దీనికి హ్యాష్ వాడతాం. ఫైలులోని బైట్లన్నిటినీ ఒక గణిత సూత్రంలోంచి పోనిస్తే చివర ఒక చిన్న విలువ వస్తుంది. షా-256 అనే రకమైతే 64 అక్షరాలు. రిపోర్టులో అమ్మోనియా 0.1 ఉన్నచోట 0.2 అని మార్చినా ఆ 64 అక్షరాలూ మొత్తం తారుమారవుతాయి. పైథాన్‌లో హ్యాష్‌లిబ్ ముందే ఉంది, ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. ఫైలు మొత్తాన్ని ఒక్కసారి మెమరీలోకి లాగకండి, నాలుగు జీబీ క్లిప్ వచ్చిందంటే కంప్యూటర్ కూర్చుండిపోతుంది. ఫైలును బైనరీ మోడ్‌లో తెరిచి, ఒక్కో ఎంబీ చదివి, హ్యాష్‌కు అందిస్తూ, ఖాళీ వచ్చేవరకు తిప్పండి. పైథాన్ 3.11 నుంచి ఈ పని కోసమే ఫైల్ డైజెస్ట్ అనే ఫంక్షన్ హ్యాష్‌లిబ్‌లో చేరింది, అది ఉంటే ఒక్క లైను చాలు. తర్వాత మళ్లీ డిక్షనరీయే. ఈసారి కీ దగ్గర సైజు, హ్యాష్ రెండూ. రెండు, అంతకన్నా ఎక్కువ ఫైళ్లున్న లిస్టులే మీ డూప్లికేట్లు.

షా-256 బదులు ఎండీ5 అనే పాత హ్యాష్ వాడితే వేగం కదా అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఎండీ5 1991 నాటిది. ఒకే విలువ ఇచ్చే రెండు వేర్వేరు ఫైళ్లను కావాలని తయారుచేయొచ్చని 2004లో చూపించేశారు. దాని తర్వాత వచ్చిన షా-1కు 2017లో గూగుల్, ఆమ్‌స్టర్‌డ్యామ్‌లోని సీడబ్ల్యూఐ సంస్థ పరిశోధకులు కలిసి అదే గతి పట్టించారు, అదీ రెండు పీడీఎఫ్‌లతో. మీ ల్యాబ్ ఫైళ్ల మీద ఎవరూ అంత కుట్ర చేయరనుకోండి, అనుకోకుండా కలవడమైతే జరిగే పని కాదు. కానీ ఎండీ5తో మీకు మిగిలేదేమీ లేదు, ఎందుకంటే ఇక్కడ ఆలస్యం హార్డ్ డిస్క్‌ది. మీ దగ్గరున్నటువంటి తిరిగే డిస్క్ సెకనుకు వంద ఎంబీ చదివితే ఒక టీబీ మొత్తం చదవడానికి పావుతక్కువ మూడు గంటలు. దానికి తోడు ప్రతి చిన్న ఫైలు దగ్గరా సూది కదలాలి. హ్యాష్ ఏదైనా ప్రాసెసర్ డిస్క్ కోసం ఎదురుచూస్తూనే కూర్చుంటుంది. షా-256 పెట్టుకుని ఆ చర్చ వదిలేయండి.

సైజు కలిసిన పెద్ద క్లిప్పులుంటే మధ్యలో ఇంకో మెట్టు పెట్టొచ్చు. ముందు మొదటి 64 కేబీ, చివరి 64 కేబీ మాత్రమే చదివి హ్యాష్ చేయండి. అవి కలిసినవాటికే మొత్తం చదవండి. మొదలు ఒక్కటే చూస్తే చాలదు, ఒకే కెమెరా క్లిప్పుల తలభాగాలు ఒకేలా ఉండటం సహజం. ఒక ఎంబీలోపు ఫైళ్లకు ఈ మెట్టు దండగ, ఎలాగూ తెరిచారు కాబట్టి మొత్తం చదివేయడమే మేలు. ఈ మెట్టు లేకపోయినా ప్రోగ్రామ్ సరిగ్గానే పనిచేస్తుంది. మొదటిసారికి వదిలేయండి.

నడిపే ముందు కొన్ని చూసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం వన్‌డ్రైవ్. మీ రెండో కంప్యూటర్లో డాక్యుమెంట్స్ ఫోల్డర్ పక్కన మేఘం గుర్తు కనబడుతోందన్నారు. అంటే ఆ ఫైళ్లు డిస్క్ మీద లేవు, పేర్లే ఉన్నాయి. సైజు అడిగితే ఇబ్బంది లేదు. హ్యాష్ కోసం తెరిచిన మరుక్షణం ప్రతి ఫైలూ ఇంటర్నెట్ నుంచి దిగడం మొదలవుతుంది. డిస్క్ ఖాళీ చేద్దామని మొదలుపెట్టి నింపుకున్నట్టవుతుంది, డేటా కూడా హరించుకుపోతుంది. గూగుల్ డ్రైవ్‌ను స్ట్రీమింగ్ పద్ధతిలో పెట్టుకున్నా ఇంతే. వాక్ ఫంక్షన్ ఇచ్చే ఉపఫోల్డర్ల లిస్టులోంచి అలాంటి ఫోల్డర్ పేరును అక్కడికక్కడే తీసేస్తే ప్రోగ్రామ్ దాని లోపలికి వెళ్లదు. రీసైకిల్ బిన్ ఫోల్డర్‌ను కూడా అలాగే వదిలించుకోండి.

సున్నా బైట్ల ఫైళ్లు బోలెడుంటాయి. అన్నీ ఒకదానికొకటి డూప్లికేట్లుగా వచ్చి రిపోర్టును నింపేస్తాయి, వాటిని మొదట్లోనే దాటేయండి. ఏదో ఎక్సెల్ ఫైలు తెరిచి ఉందనో, దారి మరీ పొడుగైందనో, అనుమతి లేదనో మధ్యలో ఎర్రర్ వస్తుంది. ఫైలు తెరిచే చోట ట్రై, ఎక్సెప్ట్ (ఎర్రర్ వచ్చినా ప్రోగ్రామ్ ఆగకుండా చూసే ఏర్పాటు) పెట్టి, ఓఎస్ ఎర్రర్ వస్తే ఆ పేరు ఒక లిస్టులో రాసుకుని ముందుకు పొమ్మనండి. ఎర్రర్‌ను ఏమీ రాయకుండా మింగేసే ప్రోగ్రామ్ మాత్రం రాయకండి. చదవలేకపోయిన ఫైళ్లు ఎన్నో చివర చెప్పాలి, ఎందుకంటే ఒక ఫోల్డర్‌లో వరసగా చదవలేని ఫైళ్లు తగిలితే మీ డిస్క్ పోతోందని అనుమానించాలి. అప్పుడు డూప్లికేట్ల వేట ఆపి ముందు కాపీ తీసుకోండి.

ఫలితాన్ని తెర మీద ప్రింట్ చేస్తే కళ్లు తిరుగుతాయి, సీఎస్‌వీ ఫైలులో (ఎక్సెల్‌లో తెరుచుకునే మామూలు టెక్స్ట్ పట్టికలో) రాయండి. గుంపు నంబరు, సైజు, పూర్తి దారి, ఈ మూడు కాలమ్‌లు చాలు. రాసేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర ఒట్టి యూటీఎఫ్-8 అని కాకుండా చివర సిగ్ చేర్చిన రకం ఇవ్వండి. లేకపోతే ఎక్సెల్‌లో రెండు నొక్కులు నొక్కి తెరిచినప్పుడు తెలుగు పేర్లన్నీ పిచ్చి గీతలుగా వస్తాయి. పెద్ద సైజు గుంపులు పైకి వచ్చేలా సర్దుకోండి. మొదటి పేజీలోనే మీకు కావలసిన చోటులో ఎక్కువ భాగం దొరుకుతుంది. కింద వేలల్లో ఉండే చిన్న పీడీఎఫ్‌ల జోలికి పోనక్కర్లేదు, వాటితో మిగిలే చోటు తక్కువే.

ఈ పద్ధతికి దొరకనివి కూడా తెలుసుకోండి, లేకపోతే "ఇదిగో ఒకే రిపోర్టు, మీ ప్రోగ్రామ్ పట్టుకోలేదు" అని మళ్లీ అడుగుతారు. అదే ఎక్సెల్ షీటు నుంచి సోమవారం ఒకసారి, మంగళవారం ఒకసారి పీడీఎఫ్ తీస్తే కంటికి రెండూ ఒకటే. లోపల తయారైన సమయం వేరుగా రాసి ఉంటుంది కనుక బైట్లు వేరు, హ్యాష్ వేరు. రైతు పంపిన ఫొటో గ్యాలరీలో ఒకటి, వాట్సాప్‌లో వెళ్లినది ఒకటి ఉంటే, వాట్సాప్ దాన్ని కుదించి పంపుతుంది కాబట్టి అవీ వేరే. డాక్యుమెంట్‌గా పంపినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే వెళతాయి. మీరు పీడీఎఫ్ రిపోర్టులు అలాగే పంపుతారు కనుక అవి చక్కగా దొరుకుతాయి.

చూడ్డానికి ఒకేలా ఉన్న ఫొటోలను పట్టే పద్ధతులు వేరే ఉన్నాయి. ఒక తేలికైనది చెబుతాను: ఫొటోను 9 నిలువు వరసలు, 8 అడ్డు వరసలున్న గళ్లకు కుదించి, రంగు తీసేసి, పక్క పక్క గళ్లలో ఏది వెలుతురో చూసి 64 బిట్లు రాసుకుంటారు. రెండు ఫొటోల బిట్లలో తేడా కొద్దిగానే ఉంటే ఒకేలాంటివని లెక్క. పెళ్లి ఫొటోలు తీసేవాళ్లకు ఇది కొంత పనికొస్తుందేమో గానీ మీకు నేను చెప్పను. ఆకుపచ్చ నీళ్లు, పైన ఆకాశం, మధ్యలో నీటికి గాలి పట్టించే ఏరేటరు. మీ దగ్గరున్న చెరువు ఫొటోలు సగం దాని కంటికి ఒకే ఫొటో! మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే ఫొటోలూ అంతే. ఏ రైతు ఫొటో ఏదో మీకు కావాలి, దానికి అక్కర్లేదు.

ఇక డిలీట్ సంగతి. ప్రోగ్రామ్ చెప్పగలిగింది ఒక్కటే: ఈ రెండు ఫైళ్ల బైట్లు ఒకటే. ఏది అనవసరమో దానికి తెలియదు, తెలిసే దారి కూడా లేదు. మీరు ఒకే రిపోర్టును రైతు పేరున్న ఫోల్డర్‌లోనూ, నెల ఫోల్డర్‌లోనూ పెడతారు. రెండూ కావాలనే పెట్టినవి. "మొదటిది ఉంచి మిగతావి తీసెయ్" అనే లైను రాస్తే ఏది మొదటిదవుతుందో వాక్ ఫంక్షన్ తిరిగిన వరసను బట్టి ఉంటుంది. కొందరు రైతుల ఫోల్డర్లు ఖాళీ అవుతాయి, కొన్ని నెలల ఫోల్డర్లు ఖాళీ అవుతాయి. సీడ్ (రొయ్య పిల్లలు) బాగాలేదని గొడవొచ్చి రైతు పాత పీసీఆర్ రిపోర్టు అడిగిన రోజు ఆ ఫోల్డర్ తెరిస్తే ఏమీ ఉండదు. రిపోర్టు పోలేదు, ఎక్కడో ఉంది. ఎక్కడుందో వెతికేలోపు రైతు మీ మీద నమ్మకం పోగొట్టుకుంటాడు.

పాత తేదీ ఉన్నదే అసలుది అనుకోవడం కూడా కుదరదు. విండోస్‌లో కాపీ చేసినప్పుడు మార్చిన తేదీ అలాగే ఉండి, తయారైన తేదీ కొత్తది పడుతుంది. వాట్సాప్ మీదుగా వస్తే ఇంకో రకం. తేదీల బదులు ఫోల్డర్లకు మీరే పెద్దరికం ఇవ్వండి. "రైతులు", "నెలవారీ" ఫోల్డర్లలోవి ఎప్పుడూ కదలకూడదు. "డౌన్‌లోడ్స్", "కొత్త ఫోల్డర్", కుర్రాళ్ల పేర్లతో ఉన్న బ్యాకప్ ఫోల్డర్లలోవి, పై రెంటిలో ఎక్కడో కాపీ ఉన్నప్పుడు మాత్రమే కదపొచ్చు. ఈ రెండు మాటలే మీ రెండో ప్రోగ్రామ్. అది కూడా డిలీట్ చేయదు, అదే డిస్క్ మీద "పక్కన పెట్టినవి" అనే ఫోల్డర్‌లోకి పాత దారి చెడకుండా జరుపుతుంది. ఏది ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో ఇంకో సీఎస్‌వీలో రాసుకుంటుంది. ఒక పంట కాలం ఆగండి. మూడు నాలుగు నెలల్లో ఎవరూ దేనికోసమూ వెతుక్కోకపోతే ఆ ఫోల్డర్‌ను మీ చేత్తో మీరే తీసేయండి.

జరిపే ముందు చివరి జాగ్రత్తగా ఫైల్‌సీఎంపీ మాడ్యూల్‌తో రెండు ఫైళ్లనూ పోల్చాలనుకుంటే మంచిదే, కానీ దాని సీఎంపీ ఫంక్షన్‌లో ఒక మతలబు ఉంది. షాలో అనే ఆప్షన్ డీఫాల్ట్‌గా ట్రూ. అంటే సైజు, మార్చిన తేదీ కలిస్తే చాలు, ఫైలు తెరవకుండానే ఒకటే అని చెప్పేస్తుంది. దాన్ని ఫాల్స్ చేస్తేనే బైట్లు చదువుతుంది.

ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను, కంప్యూటర్‌ను కలిపి ఒకే దెబ్బన వెతకొచ్చా అని కూడా అడిగారు. వెతకడం వరకు సరే, జరపడం మాత్రం ఏ డిస్క్‌కు ఆ డిస్కే. రెండు డిస్కుల మీద ఒకే ఫైలు ఉంటే దాన్ని బ్యాకప్ అంటారు. జులై 2022 వరదకు కోనసీమ లంకల్లో నీళ్లు ఎంతవరకు వచ్చాయో మనందరం చూశాం. మన పల్లం నేలలో ల్యాబ్ గది కింది అంతస్తులో ఉంటే రెండు కంప్యూటర్లూ ఒకే గదిలో ఉండటం బ్యాకప్ కిందకు రాదు. చోటు దొరికాక మొదట చేయాల్సింది రైతుల ఫోల్డర్‌ను ఇంకో డిస్క్‌లోకి ఎక్కించి, తాడేపల్లిగూడెంలోనో ఎక్కడో కాస్త మెరక మీదున్న మీ వాళ్లింట్లో పెట్టడం. ఆ డిస్క్ మీద ఈ ప్రోగ్రామ్ నడపకండి.

హ్యాష్‌లను నడిపిన ప్రతిసారీ మొదటి నుంచి లెక్కించకుండా ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో ఒక టేబుల్ పెట్టుకోండి: దారి, సైజు, మార్చిన సమయం, హ్యాష్. ఇది కూడా పైథాన్‌తోనే వస్తుంది. సైజు, సమయం మారని ఫైలుకు పాత హ్యాష్ వాడుకోవచ్చు, మధ్యలో కరెంటు పోయినా చేసిన పని మిగులుతుంది. ఆ టేబుల్ ఉంటే ఇంకో సుఖం ఉంది. ఫోన్ల నుంచి వచ్చే ఫైళ్లన్నీ ముందు ఒకే "వచ్చినవి" ఫోల్డర్‌లో దించమనండి. అక్కడి నుంచి రైతు ఫోల్డర్‌లోకి సర్దే ముందు ఒక్కో దాని హ్యాష్‌ను టేబుల్‌లో చూస్తే, ఇది ముందే ఉందా, ఉంటే ఏ ఫోల్డర్‌లో అన్నది అక్కడే తెలిసిపోతుంది. ముందు సైజు డిక్షనరీ వరకు రాసి నడపండి. ఎన్ని ఫైళ్లు మిగిలాయో ఇక్కడ పెట్టండి, హ్యాష్ భాగంలో ఎక్కడైనా ఆగితే అక్కడినుంచి చూద్దాం.